ఇంటి కంప్యూటర్‌కి వైరస్ పట్టకుండా ఒక ఆదివారం పూట చేయాల్సిన పనులు

"ఏ యాంటీవైరస్ కొనమంటారు?" వారానికి ఒక్కరైనా అడుగుతారు. కొత్త ల్యాప్‌టాప్ కొన్న రోజునో, పాతది నత్తనడక మొదలుపెట్టిన రోజునో ఫోన్ వస్తుంది. నా జవాబు ఎప్పుడూ ఒకటే: ఏదీ కొనక్కర్లేదు. విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్ ఇంటి అవసరాలకు సరిపోతుంది. ఉచితంగా వచ్చింది పనిచేస్తుందా అని అనుమానంగా చూస్తారు. పనిచేస్తుంది. కాకపోతే దాన్ని మనమే ఆపేస్తుంటాం. వైరస్ పట్టిందని నా దగ్గరకు తెచ్చిన సిస్టమ్‌లలో చాలావాటిలో డిఫెండర్ ఆపేసి ఉంది. ఆపింది బయటివాళ్లు కాదు, ఆ ఇంట్లోవాళ్లే.

ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఇది విండోస్ 10, 11 ఉన్న ఇంటి కంప్యూటర్ల కోసం. మ్యాక్ వాడేవాళ్లకు బ్రౌజర్, బ్యాకప్ భాగాలు పనికొస్తాయి, మిగతాది వదిలేయండి. స్క్రీన్ మీద పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి వాటిని పలికినట్టే రాశాను. మీ దగ్గర ఒకటి రెండు మెనూలు అటూ ఇటూ జరిగి ఉండొచ్చు. దొరక్కపోతే స్టార్ట్ నొక్కి ఆ పేరు టైప్ చేయండి, అదే చూపిస్తుంది.

కావలసినవి

- ఒక పూట తీరిక. ఫుల్ స్కాన్ దానంతట అది నడుస్తుంది, మీరు పక్కనే కూర్చోనక్కర్లేదు.
- ఇంటర్నెట్. ఫోన్ హాట్‌స్పాట్ అయితే జాగ్రత్త, విండోస్ అప్‌డేట్లు ఒక్కోసారి జీబీల్లో ఉంటాయి.
- ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్. ఈ మొత్తం పనిలో డబ్బు పెట్టి కొనాల్సింది ఇదొక్కటే.
- కంప్యూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్. షాపు అబ్బాయి పెట్టిచ్చాడు, మాకు తెలీదు అంటే ముందు అతన్ని అడిగి తెలుసుకోండి, ఆ వెంటనే మార్చేయండి.

1. మీ విండోస్‌కి ఇంకా అప్‌డేట్లు వస్తున్నాయా?

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే ఏ విండోసో తెలుస్తుంది. విండోస్ 7లో ఈ సెట్టింగ్స్ పేజీయే ఉండదు, దానికి 2020 జనవరి 14తోనే నూకలు చెల్లాయి. ఆ సిస్టమ్‌ను నెట్‌కి కలపకండి. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలో "ఎన్‌రోల్ నౌ" అని కనబడితే నొక్కి చేరండి. 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే దీనికి డబ్బు కట్టక్కర్లేదు.

సిస్టమ్ పాతదై విండోస్ 11 తీసుకోనంటే (టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేదనో, ప్రాసెసర్ పాతదనో చెబుతుంది) విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవచ్చు. యూట్యూబ్, మెయిల్, పిల్లల హోంవర్క్, అమెరికాలో ఉన్న అబ్బాయితో వీడియో కాల్, ఇంతే మీ వాడకమైతే పెద్ద తేడా తెలియదు.

ఇప్పుడు అప్‌డేట్ హిస్టరీ తెరవండి. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం సెక్యూరిటీ అప్‌డేట్లు వదులుతుంది. అంటే మీ జాబితాలో చివరి "క్యుములేటివ్ అప్‌డేట్" లేదా "సెక్యూరిటీ అప్‌డేట్" తేదీ నెలా పది రోజులకంటే పాతదై ఉండకూడదు. ఆరు నెలల కిందటిది కనిపిస్తే ఎవరో అప్‌డేట్లు ఆపేశారన్నమాట.

ఎవరు ఆపుతారంటారా? అసెంబుల్ చేయించిన సిస్టమ్‌లలో ఇది మామూలే. డూప్లికేట్ విండోస్ వేసి, అది బయటపడకుండా అప్‌డేట్లు ఆపి ఇస్తారు. కొన్నవాళ్లకు తెలియదు. "యాక్టివేషన్" పేజీలో యాక్టివ్ అని ఉన్నంత మాత్రాన అసలుదని కాదు, క్రాక్ చేసినా (లైసెన్స్ లేకుండా దొంగదారిలో నడిపించినా) అలాగే చూపిస్తుంది. బిల్లులో విండోస్‌కి విడిగా డబ్బు వేశారా, లైసెన్స్ కీ ఇచ్చారా అని చూసుకోండి.

అప్‌డేట్ ఆలస్యమైతే ఏమవుతుందో 2017లో చూశాం. వానాక్రై అనే వైరస్ దూరిన కంతకు మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. మే 12న అది ప్రపంచం మీద పడింది. మధ్యలో రెండు నెలల టైముంది. వేసుకోని కంప్యూటర్లు ఎన్నో ఫైళ్లకు తాళాలు పడి 300 డాలర్లు అడిగాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అందులో చిక్కుకున్నాయి. దానికి ఎవరూ ఏదీ క్లిక్ చేయక్కర్లేదు, నెట్‌వర్క్ మీదే ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకింది. ఇలాంటివాటికి అప్‌డేటే మందు.

2. డిఫెండర్ నిజంగా కాపలా కాస్తోందో లేదో చూడండి

స్టార్ట్‌లో "విండోస్ సెక్యూరిటీ" అని టైప్ చేసి తెరవండి. "వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్"లోకి వెళ్లి, "మేనేజ్ సెట్టింగ్స్" నొక్కండి. ఈ మూడు ఆన్‌లో ఉండాలి: రియల్ టైమ్ ప్రొటెక్షన్, క్లౌడ్ డెలివర్డ్ ప్రొటెక్షన్, ట్యాంపర్ ప్రొటెక్షన్. మూడోది ఆన్‌లో ఉంటే వేరే ప్రోగ్రామ్‌లు వచ్చి డిఫెండర్ పీక నొక్కడం అంత సులువు కాదు.

అన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి కదా అని అక్కడితో ఆగకండి. అదే పేజీలో అడుగున "ఎక్స్‌క్లూజన్స్" ఉంటుంది. అంటే ఫలానా ఫోల్డర్‌ని తనిఖీ చేయొద్దు అని డిఫెండర్‌కి చెప్పిన జాబితా. ఇంటి కంప్యూటర్‌లో ఇది ఖాళీగా ఉండాలి. క్రాక్ సాఫ్ట్‌వేర్లు లోపలికి రాగానే చేసే మొదటి పని తమ ఫోల్డర్‌ని ఇందులో రాయించుకోవడం. ఒకసారి ఒక స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో ఈ జాబితా తెరిస్తే ఏకంగా సి డ్రైవ్ మొత్తం అందులో ఉంది. ఇంటికి తాళం వేసి తాళంచెవి గుమ్మానికి వేలాడదీసినట్టే. పైన మాత్రం పచ్చ టిక్కు నవ్వుతూ కూర్చుంది. మీరు పెట్టినట్టు గుర్తులేనివన్నీ తీసేసి, వెంటనే ఫుల్ స్కాన్ పెట్టండి.

ఇంట్లో సొంతంగా వాడుకునే కంప్యూటర్‌లో ఈ సెట్టింగ్స్ బూడిద రంగులో ఉండి, "మీ సంస్థ అడ్మినిస్ట్రేటర్ చేతిలో ఉన్నాయి" అనే అర్థంతో ఇంగ్లీషు వాక్యం కనిపిస్తే అనుమానించాల్సిందే. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే అది మామూలు, ముట్టుకోకండి.

ఇంకో చిన్న పని. "యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్"లో రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్ తెరిచి, "పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్" ఆన్ చేయండి. ఒకటి ఇన్‌స్టాల్ చేస్తే వెంట నాలుగు వచ్చే చెత్తను ఇది ఆపుతుంది.

డబ్బు పెట్టి యాంటీవైరస్ ఇప్పటికే కొన్నారా? ఉంచుకోండి, తప్పేం లేదు. దాని గడువు మాత్రం చూసుకోండి. ల్యాప్‌టాప్‌తో పాటు నెలకో రెండు నెలలకో ట్రయల్‌గా వచ్చి, గడువు తీరాక రోజూ భయపెట్టే రకమైతే అన్ఇన్‌స్టాల్ చేసేయండి, డిఫెండర్ మళ్లీ బాధ్యత తీసుకుంటుంది. రెండు యాంటీవైరస్‌లు పెడితే రెట్టింపు రక్షణ అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. సిస్టమ్ నెమ్మదించడం తప్ప లాభం లేదు.

3. ఫైలు పూర్తి పేరు కనబడేలా చేయండి

రెండు నిమిషాల పని. ఇంత చిన్న మార్పుతో ఇంత లాభం ఇంకెక్కడా లేదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, అందులో షో, అందులో "ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్" దగ్గర టిక్ పెట్టండి. విండోస్ 10లో అయితే పైన వ్యూ ట్యాబ్‌లోనే ఉంటుంది.

ఎందుకంటే విండోస్ మామూలుగా ఫైలు పేరు చివరి తోకను దాచేస్తుంది. మీకు "కరెంట్‌బిల్లు.పీడీఎఫ్" అని కనిపించేది నిజానికి "కరెంట్‌బిల్లు.పీడీఎఫ్.ఈఎక్స్ఈ" కావచ్చు. బొమ్మ కూడా పీడీఎఫ్‌దే పెడతారు. 2000 మేలో ప్రపంచాన్ని కుదిపేసిన "ఐ లవ్ యూ" వైరస్ చేసింది ఇదే. టెక్స్ట్ ఫైల్ అనుకుని జనం తెరిచిన ప్రేమలేఖకు అసలు తోక వీబీఎస్. ఇన్నేళ్లు గడిచినా ఆ సెట్టింగ్ అలాగే ఉంది, ఆ మోసమూ అలాగే నడుస్తోంది.

గుర్తుపెట్టుకోవాల్సిన తోకలు: ఈఎక్స్ఈ, ఎంఎస్ఐ, ఎస్‌సీఆర్, బీఏటీ, వీబీఎస్, జేఎస్. బిల్లు, పెళ్లి పత్రిక, హాల్‌టికెట్, సినిమా, ఇవేవీ ఈ తోకలతో రావు. షార్ట్‌కట్ల తోక మాత్రం టిక్ పెట్టినా కనిపించదు. వాటిని బొమ్మ మూల ఉండే చిన్న బాణం గుర్తుతోనే పట్టుకోవాలి.

జిప్ ఫైలు పంపి, తెరవడానికి పాస్‌వర్డ్ కూడా అదే మెయిల్‌లో రాసి ఉంటే వదిలేయండి. పాస్‌వర్డ్ పెట్టిన జిప్ లోపలికి యాంటీవైరస్ తొంగిచూడలేదు, అందుకే అలా పంపుతారు.

4. క్రాక్‌లు: అసలు జబ్బు ఇక్కడే ఉంది

ఈ భాగం చాలామందికి నచ్చదు. ఫొటోషాప్ క్రాక్, ఆఫీస్ యాక్టివేటర్, గేమ్ క్రాక్, డీటీపీ చేసేవాళ్లయితే తెలుగు ఫాంట్ సాఫ్ట్‌వేర్ క్రాక్. యూట్యూబ్‌లో వీడియో ఉంటుంది, కింద లింకు ఉంటుంది, వీడియోలో మొదటి మాటే "ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి, ఇది ఫాల్స్ పాజిటివ్ చూపిస్తుంది" అని. అంటే లేని వైరస్ ఉందంటుందట. ఆఫ్ చేయమని అడిగిన సాఫ్ట్‌వేర్‌ని వెంటనే డిలీట్ చేయండి. ఇంతకంటే తేలిక పరీక్ష నాకు తెలియదు.

క్రాక్‌తో వచ్చేవి రెండు రకాలు. ఒకటి చడీచప్పుడూ చేయదు. మీ బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు (మీరు లాగిన్ అయి ఉన్నారని సైటు గుర్తుపట్టే చీటీలు) మూటగట్టుకుని పోతుంది. క్రాక్ చక్కగా పనిచేస్తుంది, మీరు సంతోషంగా ఉంటారు, పది రోజుల తర్వాత ఫేస్‌బుక్ అకౌంట్ పోతుంది. కుకీ దొరికితే వాళ్లకు ఓటీపీ కూడా అక్కర్లేదు, అప్పటికే లాగిన్ అయి ఉన్నట్టే లోపలికి వస్తారు.

రెండోది రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రకం. స్టాప్ జావూ అనే కుటుంబం ఇలా క్రాక్‌ల వెంట తిరిగినదే. మా బంధువుల ఇంట్లో దాన్ని కళ్లారా చూశాను. అమ్మాయి పెళ్లి ఫొటోలన్నిటి పేర్ల చివరా నాలుగు అక్షరాల కొత్త తోక. ఏ ఒక్కటీ తెరుచుకోదు. ప్రతి ఫోల్డర్‌లో "రీడ్‌మీ" అని ఒక నోటు. అందులో బేరం ఇంగ్లీషులో నీట్‌గా రాసి ఉంది: 980 డాలర్లు, 72 గంటల్లో అడిగితే సగం, 490. అబ్బాయి వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్రాక్ వేసింది ముందురోజు రాత్రి. బ్యాకప్ హార్డ్‌డిస్క్ ఉంది. కానీ అదీ సిస్టమ్‌కే గుచ్చి ఉంది, దాన్నీ వదల్లేదు.

క్రాక్ వద్దంటే మరి ఏం వాడాలి? ఆఫీస్‌కి లిబ్రేఆఫీస్. ఫొటోలకు గింప్. పీడీఎఫ్ చూడ్డానికి బ్రౌజరే చాలు. తెలుగు టైపింగ్‌కైతే విండోస్‌లోనే తెలుగు కీబోర్డు ఉంది, అక్షరాలు పలికినట్టు కొట్టే ఫొనెటిక్ కీబోర్డు కూడా ఉంది. సెట్టింగ్స్‌లో లాంగ్వేజ్ దగ్గర తెలుగు చేర్చుకోండి. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. అను అనే పాత తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్ ఫైళ్లతో పనిచేసే ప్రెస్‌వాళ్లకు ఇవి పూర్తిగా సరిపోవని ఒప్పుకుంటాను. వాళ్లు ఆ సిస్టమ్‌ని విడిగా, నెట్ లేకుండా ఉంచుకోవడమే మంచిది.

ఏదైనా డౌన్‌లోడ్ చేయాలంటే గూగుల్‌లో వెతికి మొదటి ఫలితం నొక్కకండి. మొదట వచ్చేది ప్రకటన కావచ్చు, ప్రకటన ఎవరైనా ఇవ్వొచ్చు. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఉంటే అక్కడినుంచి, లేకపోతే ఆ కంపెనీ సొంత సైటు అడ్రసు సరిచూసుకుని తీసుకోండి.

5. పెన్‌డ్రైవ్, జిరాక్స్ షాపు

రిజిస్ట్రేషన్ కాగితాల ప్రింటు కోసం ఒకసారి నా పెన్‌డ్రైవ్ జిరాక్స్ షాపులో ఇచ్చాను. ఇంటికొచ్చి గుచ్చితే లోపల ఫోల్డర్లన్నీ యథాతథంగా ఉన్నాయి, పేర్లు కూడా అవే. ఒక్కటే తేడా, ప్రతి బొమ్మ మూలా చిన్న బాణం. ఫొటోల ఫోల్డర్ సైజు 2 కేబీ చూపిస్తోంది. నాలుగు జీబీల ఫొటోలు 2 కేబీలో ఎలా పడతాయి? అదే షార్ట్‌కట్ వైరస్. అసలు ఫైళ్లను దాచేసి, వాటి పేర్లతో షార్ట్‌కట్లు పెడుతుంది. దాని మీద డబుల్ క్లిక్ చేస్తే ముందు వైరస్ నడుస్తుంది, తర్వాత మీ ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

పెన్‌డ్రైవ్ గుచ్చగానే దానంతట అది ఎక్కేసే పాత పద్ధతిని మైక్రోసాఫ్ట్ విండోస్ 7 నుంచే కట్టేసింది. ఇప్పుడు మన చేతి క్లిక్ కావాలి. ఆ క్లిక్ ఇవ్వకుండా ఉంటే చాలు.

బాణాలు కనిపిస్తే ఇలా చేయండి:

- ఏదీ తెరవొద్దు. పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి "స్కాన్ విత్ మైక్రోసాఫ్ట్ డిఫెండర్" నొక్కండి. విండోస్ 11లో నేరుగా కనిపించకపోతే "షో మోర్ ఆప్షన్స్"లో ఉంటుంది.
- వ్యూ, షోలో "హిడెన్ ఐటమ్స్" టిక్ పెట్టండి. అప్పటికీ అసలు ఫైళ్లు రాకపోతే ఫోల్డర్ ఆప్షన్స్‌లో "హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్" టిక్ తీయండి. వెలిసిపోయిన రంగులో మీ ఫైళ్లు కనిపిస్తాయి, ఒక్కోసారి పేరులేని ఫోల్డర్‌లో ఉంటాయి.
- ఫొటోలు, పీడీఎఫ్‌లు, డాక్యుమెంట్లు మాత్రమే తోక చూసి కాపీ చేసుకోండి. బాణం ఉన్నవి, ఈఎక్స్ఈలు వద్దు.
- తర్వాత పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేయండి. తీసిన టిక్ మళ్లీ పెట్టడం మర్చిపోకండి, లేకపోతే రేపు సిస్టమ్ ఫైలేదో పొరపాటున డిలీట్ చేస్తారు.

చాలామంది చేసే తప్పు, బాణాలను డిలీట్ చేసి ఊరుకోవడం. వైరస్ పోదు, ఫైళ్లూ తిరిగిరావు. ఇంకొందరు కంగారులో వెంటనే ఫార్మాట్ కొట్టేస్తారు. దాగి ఉన్న అసలు ఫైళ్లు అప్పుడు నిజంగానే పోతాయి.

ఇక ముందు ప్రింట్లకు ఒక చిన్న పెన్‌డ్రైవ్ విడిగా పెట్టుకోండి. అందులో ఆరోజు ప్రింటు తీయాల్సిన ఒక్క ఫైలే వేయండి, ఇంటికి రాగానే ఫార్మాట్ చేయండి. వాట్సాప్‌లో పంపితే వైరస్ గొడవ ఉండదు నిజమే, కానీ మీ ఆధార్ కాపీ ఆ షాపు కంప్యూటర్‌లో ఎప్పటికీ ఉండిపోతుంది. అది వేరే తలనొప్పి. పంపక తప్పకపోతే మొదటి ఎనిమిది అంకెలు దాచిన మాస్క్‌డ్ ఆధార్ పంపండి.

6. బ్రౌజర్‌లో నాలుగు ఉచ్చులు

*నోటిఫికేషన్లు.* స్క్రీన్ కుడి మూల అరగంటకోసారి "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు" అని వస్తోందా? అది వైరస్ కాదు. ఎప్పుడో సినిమా సైటులో "అలౌ" నొక్కారు, దాని ఫలితం. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అలౌ జాబితాలో తెలియని పేర్లన్నీ తీసేయండి. "వైరస్ వచ్చింది" అని నాకు వచ్చే ఫోన్లలో కొన్ని ఇక్కడే తేలిపోతాయి.

*స్క్రీన్ నిండా హెచ్చరిక, ఫోన్ నంబరు.* సైరన్ మోత, మైక్రోసాఫ్ట్ లోగో, ఈ నంబరుకు వెంటనే ఫోన్ చేయండి అని రాత. చేయకండి. మైక్రోసాఫ్ట్ వాళ్ల హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. ఎస్కేప్ కీని కాసేపు పట్టి ఉంచండి, లేదా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ఎండ్ టాస్క్ చేయండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు రిస్టోర్ చేయమంటారా అంటే వద్దనండి. విదేశాల్లో పిల్లల దగ్గరకు వెళ్లిన అమ్మానాన్నలు వీటికి ఎక్కువ బెదురుతారు, వాళ్లకు ముందే చెప్పి ఉంచండి. ఫోన్ చేస్తే అవతలివాడు ఎనీడెస్క్ లాంటిది వేయించి, దూరం నుంచే మీ కంప్యూటర్ వాడే నడుపుతాడు.

*"నేను రోబోను కాదు" పేరుతో కొత్త మోసం.* ఇది 2024 నుంచి బాగా పెరిగింది. మామూలు టిక్కుతో ఆగకుండా, "విండోస్ కీ, ఆర్ నొక్కండి. తర్వాత కంట్రోల్ వీ. తర్వాత ఎంటర్" అంటుంది. మీకు తెలియకుండానే ఆ పేజీ ఒక కమాండ్‌ని కాపీ చేసి పెట్టి ఉంటుంది. మీరు దాన్ని రన్ బాక్సులో పేస్ట్ చేసి, మీ చేత్తో మీరే నడుపుతారు. ఏ నిజమైన క్యాప్చా (రోబో కాదని తేల్చే పరీక్ష) కూడా ఇలా విండోస్ కీ నొక్కి పేస్ట్ చేయమనదు. ఇప్పటికే నొక్కేసి ఉంటే కింద "ఇప్పటికే పట్టేస్తే" భాగానికి నేరుగా వెళ్లండి, మిగతావి తర్వాత చదవొచ్చు.

*ఎక్స్‌టెన్షన్లు.* బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌లు ఇవి, పైన చెప్పిన ఫైలు తోకలు కావు. జాబితా తెరిచి, గత నెలలో వాడనివన్నీ తీసేయండి.

బ్యాంకు పాస్‌వర్డ్‌ని బ్రౌజర్‌లో సేవ్ చేయకండి. పైన చెప్పిన పాస్‌వర్డ్ దొంగ మొట్టమొదట చేయిపెట్టే చోటు అదే.

7. రోజువారీ వాడకానికి అడ్మిన్ అకౌంట్ వద్దు

సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్‌లో కొత్త అకౌంట్ ఒకటి చేసి దాన్ని అడ్మినిస్ట్రేటర్ చేయండి. దానితో ఒకసారి లాగిన్ అయి పాస్‌వర్డ్ పనిచేస్తోందని చూసుకున్నాకే, మీరు రోజూ వాడేదాన్ని స్టాండర్డ్ యూజర్‌గా మార్చండి. వరస తప్పితే మీ ఇంటి బయట మీరే నిలబడతారు. పిల్లలకైతే తప్పకుండా స్టాండర్డే ఇవ్వండి. ఇకమీదట ఏది ఇన్‌స్టాల్ చేయాలన్నా పాస్‌వర్డ్ అడుగుతుంది. విసుగే, కానీ గేమ్ ఆడుతూ ఉండగా ఉన్నట్టుండి పాస్‌వర్డ్ అడిగితే ఏదో తేడా ఉందని పిల్లలకు కూడా అర్థమవుతుంది.

8. బ్యాకప్: గుచ్చండి, కాపీ చేయండి, పీకేయండి

పెళ్లి ఫొటోల కథలో అసలు తప్పు మూడోది జరగకపోవడమే. నెలకోసారి, జీతం పడిన ఆదివారమో, గ్యాస్ బుక్ చేసిన రోజో ఏదో ఒక గుర్తు పెట్టుకుని హార్డ్‌డిస్క్ తీయండి. డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ కాపీ చేసి పీకి బీరువాలో పెట్టండి. కోల్పోతే ఏడుపొచ్చేవి (పిల్లల ఫొటోలు, ఆస్తి పత్రాల స్కాన్లు) ఇంకో కాపీ గూగుల్ డ్రైవ్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో ఉంచండి. గూగుల్‌లో 15 జీబీ, వన్‌డ్రైవ్‌లో 5 జీబీ ఉచితం. క్లౌడ్ ఒక్కటే చాలనుకోకండి. కంప్యూటర్‌లో ఫైలు పాడైతే ఆ పాడైందే సింక్ అయి పైకి వెళ్తుంది.

డిఫెండర్‌లోనే రాన్సమ్‌వేర్‌కి ఒక అడ్డుగోడ ఉంది, "కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్". "మేనేజ్ రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్"లో ఉంటుంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే తెలియని ప్రోగ్రామ్‌లు మీ ఫొటోలను, డాక్యుమెంట్లను మార్చలేవు. చిక్కేమిటంటే మంచి ప్రోగ్రామ్‌లను కూడా ఒక్కోసారి ఆపుతుంది. ఫైలు సేవ్ కావడం లేదని వస్తే అక్కడే ఆ ఒక్క ప్రోగ్రామ్‌ని అనుమతించండి. మొత్తం ఆఫ్ చేయకండి.

9. చేసింది పనిచేస్తోందా?

డిఫెండర్‌ని పరీక్షించడానికి నిజం వైరస్ అక్కర్లేదు. ఐకార్ అనే యూరోపియన్ సంస్థ ఇందుకోసమే ఒక టెస్ట్ ఫైలు తయారుచేసింది. అందులో ఉండేది 68 అక్షరాలు మాత్రమే, ఏ హానీ చేయదు, కానీ యాంటీవైరస్‌లన్నీ దాన్ని వైరస్‌గా చూడాలని ఒప్పందం. ఐకార్ సైటు నుంచి దాన్ని డౌన్‌లోడ్ చేయండి. బ్రౌజరే ఆపేయొచ్చు, లేదా దిగిన క్షణంలో డిఫెండర్ ఎత్తేయొచ్చు. రెండూ పాస్ కిందే లెక్క. "ప్రొటెక్షన్ హిస్టరీ"లో ఐకార్ పేరు కనిపిస్తుంది. ఫైలు డౌన్‌లోడ్స్‌లో దర్జాగా కూర్చుని ఉంటే రెండో మెట్టుకు తిరిగి వెళ్లండి. ఆఫీసు కంప్యూటర్‌లో ఈ పరీక్ష చేయకండి, ఐటీ వాళ్లు పరుగెత్తుకొస్తారు.

బ్యాకప్ పరీక్ష ఇంకా ముఖ్యం. హార్డ్‌డిస్క్‌లోంచి ఏవైనా ఐదు ఫొటోలు నిజంగా తెరిచి చూడండి. ఫోల్డర్ ఉంది కదా అని ఊరుకుంటే, తీరా అవసరమైన రోజు అది ఖాళీ అని తేలుతుంది.

ఇప్పటికే పట్టేస్తే

1. వైఫై ఆపండి, కేబుల్ ఉంటే పీకండి. గుచ్చి ఉన్న హార్డ్‌డిస్క్, పెన్‌డ్రైవ్ తీసేయండి.

2. ఫోన్‌లో మొబైల్ డేటాతో పాస్‌వర్డ్‌లు మార్చండి. ముందు మెయిల్, తర్వాత బ్యాంకు, తర్వాత మిగతావి. మెయిల్‌లో "అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్" కూడా చేయండి, లేకపోతే కాజేసిన కుకీ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. ఎక్కువమంది చేసే పొరపాటు, వైరస్ ఉన్న కంప్యూటర్‌లోనే కూర్చుని కొత్త పాస్‌వర్డ్ పెట్టడం. కొత్తది కూడా వాడి చేతికి ఇచ్చినట్టే.

3. విండోస్ సెక్యూరిటీ, స్కాన్ ఆప్షన్స్‌లో "మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్" పెట్టండి. సిస్టమ్ రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే వెతుకుతుంది. పావుగంట పడుతుంది. తెరిచి ఉన్న పని ముందే సేవ్ చేసుకోండి.

4. అనుమానం తీరకపోతే రెండో డాక్టరు. వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ డౌన్‌లోడ్ చేసి తెచ్చుకోండి. ఇది పది రోజులే పనిచేస్తుంది, అంటే ప్రతిసారీ తాజాది తీసుకోవాలి. మన కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్ ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైటులోనూ ఉచిత టూల్స్ ఉన్నాయి.

5. పాస్‌వర్డ్ దొంగ వచ్చిందని తెలిసినా, రన్ బాక్సులో కమాండ్ పేస్ట్ చేసి ఎంటర్ కొట్టినా, స్కాన్ శుభ్రమంది కదా అని నమ్మకండి. డాక్యుమెంట్లు, ఫొటోలు మాత్రం కాపీ చేసుకుని సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో "రీసెట్ దిస్ పీసీ", అందులో "రిమూవ్ ఎవ్రీథింగ్", "క్లౌడ్ డౌన్‌లోడ్" ఎంచుకోండి. బయట ఫార్మాట్ చేయిస్తే క్రాక్ విండోస్ వేయొద్దని గట్టిగా చెప్పండి, లేదంటే కథ మళ్లీ మొదటికొస్తుంది.

6. ఫైళ్లకు తాళం పడితే డబ్బు పంపకండి, ఫైళ్లు డిలీట్ కూడా చేయకండి. యూరోపోల్, డచ్ పోలీసులు, యాంటీవైరస్ కంపెనీలు కలిసి 2016లో మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ సైటులో ఒక ఫైలు, ఆ నోటు ఎక్కిస్తే తాళంచెవి ఉందో లేదో చెబుతుంది. ఈ రోజు లేకపోయినా తర్వాత రావొచ్చు. మా బంధువుల పెళ్లి ఫొటోలు ఇంకా అలాగే ఒక హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి, అప్పుడప్పుడు వెళ్లి చూసి వస్తుంటాను.

7. ఖాతాలోంచి డబ్బు పోతే పై ఆరూ తర్వాత. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆ వెంటనే బ్యాంకుకి. ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ట్రాన్సాక్షన్ నంబరు, తేదీ, మొత్తం చేతిలో పెట్టుకుని చేయండి, అవే అడుగుతారు.